రాత్రి సైకిల్: డ్రైవరు కంటికి ఆనేదెలా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రాత్రిపూట సైకిల్ తొక్కేవారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు: "లైటు ఉంది, అయినా మీదికి వచ్చేదాకా చూడటం లేదు." వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: నైట్ షిఫ్టు అయ్యాక సైకిల్ మీద ఇంటికి వస్తాను. కళ్లు చెదిరే నియాన్ పచ్చరంగు జాకెట్ వేసుకుంటాను. పగలు అది అల్లంత దూరానికి కనిపిస్తుంది. రాత్రి మాత్రం వెనక వచ్చే కార్లు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటున్నాయి. ఎందుకని?

జవాబు: నియాన్ రంగు పనిచేసేది పగటి వెలుగుతోనే. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ఆ బట్ట వాటిని పీల్చుకుని కనిపించే వెలుగుగా మార్చి వదులుతుంది. చుట్టుపక్కల రంగులకన్నా ప్రకాశంగా కనిపించేది అందుకే. కారు లైట్లలో, వీధి దీపాల్లో ఆ కిరణాలు లేనట్టే లెక్క. కాబట్టి చీకటి పడ్డాక మీ జాకెట్టూ మామూలు లేత రంగు చొక్కా ఒక్కటే. మునిమాపు వేళ, తెల్లవారుజామున మాత్రం దాని ఉపయోగం దానికుంది, పారేయకండి.

రాత్రికి కావలసింది రేడియం పట్టీ. అందులోని సన్నటి గాజు పూసలు లేదా సూక్ష్మమైన పట్టకాలు మీద పడ్డ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. డ్రైవరు కళ్లు హెడ్‌లైట్లకు దగ్గరగానే ఉంటాయి కనుక ఆ వెలుగు నేరుగా ఆయనకే చేరుతుంది. పక్కన నిలబడి చూసేవాడికి అదే పట్టీ బూడిద రంగు గుడ్డముక్కలా ఉంటుంది.

ఎంత దూరం నుంచి కనిపించాలో ఒకసారి లెక్క వేద్దాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, మీరు 15 కిలోమీటర్లతో ఒకే దిక్కున వెళ్తున్నారు. డ్రైవరు చూసి, గుర్తుపట్టి, బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. ఆలోగా మీ ఇద్దరి మధ్య దూరం దాదాపు 19 మీటర్లు తగ్గిపోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసి మీ వేగానికి దిగడానికి ఇంకో 11 మీటర్లు. మొత్తం 30. కారు వేగం 80 అయితే ఇదే లెక్క 50 మీటర్లకు చేరుతుంది. లైట్లు కిందికి దించి నడిపే డ్రైవరుకు ముదురు రంగు బట్టల మనిషి 30 మీటర్ల లోపుకు వచ్చేదాకా కనిపించకపోవడం మామూలే. పైగా ఈ లెక్క చురుగ్గా ఉన్న డ్రైవరుది. అరవై దాటినవారి కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్లవారితో పోలిస్తే సుమారు మూడో వంతే.

పట్టీ ఎక్కడ కట్టాలన్నది అసలు సంగతి. ఒక్కటే కొనగలిగితే జాకెట్టు కాదు, చీలమండల పట్టీలు కొనండి. దించిన లైట్ల వెలుగు దూరాన ఎక్కువగా పడేది మోకాళ్ల కిందనే. అంతకన్నా ముఖ్యం, తొక్కుతున్నప్పుడు పాదాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడుతుంటాయి. ఆ కదలికను చూడగానే డ్రైవరు మెదడు "మనిషి, తొక్కుతున్నాడు" అని తేల్చేస్తుంది. వీపు మీద కదలకుండా మెరిసేది బోర్డో, రాయో, ఆగి ఉన్న బండో తేల్చుకోవడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. చీలమండలకు, మోకాళ్లకు పట్టీలున్న మనిషిని ఎక్కువ దూరం నుంచి గుర్తుపడుతున్నారని పరిశోధనల్లో పదేపదే తేలింది. 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పున, కాలు చుట్టూ పూర్తిగా తిరిగేలా, రెండు కాళ్లకూ కట్టుకోండి. వీపున బ్యాగు తగిలించుకుంటే జాకెట్ మీది పట్టీలు దాని కిందికి పోతాయి. అలాంటప్పుడు ఇంకో పట్టీ బ్యాగుకు కుట్టించండి.

ప్రశ్న: వెయ్యి ల్యూమెన్ల ముందు లైటు కొన్నాను. ఎదురుగా వచ్చేవాళ్లు తిట్టుకుంటూ పోతున్నారు. ఎంత వెలుగుంటే అంత మంచిది కాదా?

జవాబు: కాదు. ల్యూమెన్లు చెప్పేది లైటు మొత్తం ఎంత వెలుగు చిమ్ముతోందని మాత్రమే, అది ఎక్కడ పడుతోందో కాదు. మీ దగ్గరున్నది టార్చిలైటులా గుండ్రంగా వెలుగు వేసే రకం అయి ఉంటుంది. అందులో సగం వెలుగు చెట్ల కొమ్మలకూ ఎదుటివాళ్ల కళ్లకూ పోతుంది. కళ్లు బైర్లు కమ్మిన డ్రైవరుకు మీ సైకిల్ కనిపించదు, తెల్లటి మంట మాత్రం కనిపిస్తుంది. అది ఎంత దూరంలో ఉందో, దాని పక్కన ఎంత చోటు వదలాలో అంచనా చిక్కదు.

లైటును సరిచేసుకునే పద్ధతి ఇది. గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో సైకిల్‌ను నిలబెట్టండి. స్టాండు వేస్తే కొన్ని సైకిళ్లు ఒరుగుతాయి, వేరొకరిని పట్టుకోమనండి. నేల నుంచి లైటు మధ్యభాగం ఎత్తు కొలవండి. అది 90 సెంటీమీటర్లనుకుంటే గోడ మీద 45 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో గీత గీయండి. వెలుగులో అన్నిటికన్నా కాంతిగా ఉన్న చోటు ఆ గీత మీద పడేదాకా లైటును వంచి బిగించండి. అంటే ఆ వెలుగు రోడ్డును తాకేది 10 మీటర్ల ముందు. జర్మనీ సైకిల్ లైట్ల నిబంధనల్లో చాలాకాలం ఉన్న కొలత ఇదే. కారు లైటులా పైఅంచు గీసినట్టు తెగిపోయే రకం లైటయితే ఇంత వంచనక్కర్లేదు, ఆ పైఅంచు గోడ మీద లైటు ఎత్తుకన్నా కాస్త కిందికి ఉంటే సరి. ఒక్కసారి సరిచేసి వదిలేయకండి. గుంటల్లో పడుతూ లేస్తూ పోయే సైకిల్‌కు రబ్బరు పట్టీతో బిగించిన లైటు వారం తిరిగేసరికి దానంతటదే ముక్కు ఎత్తుతుంది లేదా దించుతుంది. క్లాంపుకూ హ్యాండిల్‌కూ మధ్య పాత ట్యూబు ముక్క ఒక చుట్టు చుడితే జారదు.

వీధి దీపాలున్న రోడ్డులో కనిపించడానికి 50 నుంచి 100 ల్యూమెన్లు చాలు. కటిక చీకటిలో గుంటలు మీకు కనిపించాలంటే, వెలుగు రోడ్డు మీదే పడే లైటు 200 నుంచి 400 ఉంటే హాయిగా తొక్కవచ్చు. మీ వెయ్యిని సగానికో, ఇంకా తక్కువకో దించి వాడండి. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

వెనక లైటు విషయంలో జనం చేసే పొరపాటు వేరు. దాని శక్తి సరిపోతుంది, కానీ చూపు తప్పుతుంది. చిన్న ఎల్ఈడీ లైట్లు వెలుగును సన్నటి శంఖంలా వెనక్కి పంపుతాయి. సీటు గొట్టం ఏటవాలుగా ఉంటుంది కనుక దానికి తిన్నగా బిగిస్తే లైటు కాస్తో కూస్తో నేలలోకి చూస్తుంది. పది పదిహేను డిగ్రీల తేడాకే డ్రైవరుకు చేరే వెలుగు బాగా పడిపోతుంది. లైటు ముఖం నేలకు నిట్టనిలువుగా ఉండాలి. పొడవాటి చొక్కా అంచు, సీటు కింద వేలాడే సంచి, క్యారియర్ మీది మూట, ఈ మూడూ దాన్ని మింగేస్తాయి. తరచూ బరువు మోసేవారు లైటును సీటు కింద కాకుండా క్యారియర్ వెనక అంచుకు గాని, మడ్‌గార్డుకు గాని బిగించుకోవడం మేలు.

ప్రశ్న: వెనక లైటు మిణుకుమిణుకుమనాలా, నిలకడగా వెలగాలా?

జవాబు: రెండు లైట్లు పెట్టుకోండి, ఒకటి అలా, ఒకటి ఇలా. మిణుకు దృష్టిని లాగుతుంది. నిలకడ లైటు దూరాన్ని చెబుతుంది. చీకటి రోడ్డు మీద ఒక్క మిణుకు లైటే ఉంటే, అది ఆరిన ప్రతిసారీ డ్రైవరు కన్ను దాని స్థానాన్ని మళ్లీ వెతుక్కోవాలి. ఒకే లైటు ఉంటే నిలకడగానే ఉంచండి. మిణుకు సెకనుకు ఒకటి నుంచి నాలుగు సార్ల మధ్య ఉండాలి. బ్రిటన్ నిబంధనలు అనుమతించే హద్దు ఇదే. జర్మనీలో అయితే సైకిల్‌కు మిణుకు లైటే నిషేధం, కాబట్టి ఎక్కడ తొక్కుతున్నారో అక్కడి చట్టం చూసుకోండి. పగటి కోసమని పెట్టిన అతి తీవ్రమైన మిణుకును రాత్రి వాడకండి. మీ వెనక తొక్కే సైకిలిస్టుకు అది నరకం.

ముందు ఎరుపు, వెనక తెలుపు ఎప్పుడూ వద్దు. ఎరుపు చూసినవాడు మీరు తనకు దూరంగా పోతున్నారనే అనుకుంటాడు.

ప్రశ్న: సైకిల్‌కు రేడియం టేపు అంటించాను. నెల తిరక్కుండానే అంచులు లేచిపోయాయి. ఎక్కడెక్కడ, ఎలా అంటించాలి?

జవాబు: అంచులు లేవడానికి కారణాలు రెండు: కింద జిడ్డు, పైన వంపు. తేనెతుట్టె గళ్లు కనిపించే మందపాటి పట్టకాల టేపు ఎక్కువ మెరుస్తుంది, కానీ బిరుసు. సన్నటి గొట్టం చుట్టూ వంచితే మళ్లీ సాగాలని చూస్తుంది, మూల లేస్తుంది. దాన్ని మడ్‌గార్డు, చైన్ కవరు, క్యారియర్ పట్టీ లాంటి చదును చోట్లకు వాడండి. గొట్టాలకు వంగే రకం టేపు వాడండి.

అంటించేముందు సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. ముక్క నాలుగు మూలలనూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి. చొక్కాకు, కాలికి రాసుకుని ముందు లేచేది వాడి మూలలే. మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కుతూ రండి. ఒక రోజంతా తడి తగలనివ్వకండి.

ఎక్కడ? వెనక మడ్‌గార్డు చివర ఎర్ర ముక్క, ఫోర్కు ముందువైపు తెల్ల ముక్కలు. సీటు నుంచి వెనక చక్రం ఇరుసుకు దిగే రెండు గొట్టాల వెనకవైపు ఎర్ర పట్టీలు. చాలామంది మరిచిపోయే చోటు క్రాంకులు, అంటే పెడళ్లు బిగించి ఉండే కడ్డీలు. ఒక్కో క్రాంకుకు లోపలా బయటా చిన్న ముక్క అంటిస్తే తొక్కే కొద్దీ గిర్రున తిరుగుతుంటాయి. పెడల్ రిఫ్లెక్టర్లు ఊడిపోయి ఉంటే ముందు అవి వేయించండి. పసుపు రంగువి, వెనక నుంచి చూసేవాడికి పైకీ కిందికీ ఆడేవి అవే. రిమ్ము మీద అంటించేటప్పుడు బ్రేకు కట్టలు రాసుకునే అంచును వదిలేయండి, అక్కడ టేపు పడితే బ్రేకు జారుతుంది. రంగుల్లో తెలుపు అన్నిటికన్నా ఎక్కువ వెలుగు తిప్పుతుంది, ఎరుపు దానిలో కొంత భాగమే. అందుకని ఎర్ర ముక్కలు కాస్త పెద్దవిగా కత్తిరించుకోండి.

ప్రశ్న: మాది పాతకాలం సైకిల్, టైరుకు ఆనుకుని తిరిగే డైనమో. వెనక బల్బు మార్చిన వారానికే మాడిపోతోంది. బల్బుల్లోనే లోపమా?

జవాబు: చాలాసార్లు దోషం ముందు లైటుది. ఈ డైనమో 6 వోల్టులు, 3 వాట్లది. అందులో 2.4 వాట్లు ముందు బల్బుకు, 0.6 వాట్లు వెనక బల్బుకు పోవాలి. ముందు బల్బు వదులుగా ఉండి గతుకుల్లో ఆరిందంటే, ఆ కరెంటంతా బక్క ప్రాణం వెనక బల్బు మీద పడుతుంది. క్షణంలో మాడుతుంది. ముందు హోల్డరు తుప్పు గీకి, బల్బు బిగుతుగా ఉందో లేదో చూడండి. కరెంటు తిరిగి వచ్చేది ఫ్రేము గుండానే కనుక లైటు బోల్టు కింద రంగు గీకి లోహం తగిలేలా బిగించాలి. ఇంకా నయం, రెండో తీగ ఒకటి వేసేస్తే ఆ బెడదే ఉండదు.

డైనమో మధ్యగీత సరిగ్గా చక్రం ఇరుసు వైపు చూడాలి. పక్కకు తిరిగి ఉంటే టైరు గోడను కోస్తుంది, వానలో జారుతుంది. దీనికున్న అసలు లోపం వేరే ఉంది. మీరు ఆగితే లైటూ ఆగుతుంది. కూడలిలో, చీకటిలో, కాలు కింద పెట్టి నిలబడ్డప్పుడే మీరు కనిపించకుండా పోతారు. ఆగాక కూడా కాసేపు వెలిగే కెపాసిటర్ ఉన్న వెనక లైటు వేయించుకోండి, లేదా బ్యాటరీది ఒకటి అదనంగా పెట్టుకోండి.

ప్రశ్న: పక్క వీధి నుంచి వచ్చే కార్లతోనే నాకు భయం. లైట్లూ రిఫ్లెక్టర్లూ అన్నీ ఉన్నాయి. అయినా నేరుగా నా ముందుకే తిప్పేస్తున్నారు.

జవాబు: మీ భయం న్యాయమైనదే. కూడలిలో రిఫ్లెక్టర్లు దాదాపు పనిచేయవు. పక్క వీధి కారు లైట్లు ఎదురుగా చూస్తుంటాయి, మీరు వాటి వెలుగుకు పక్కనుంచి వస్తుంటారు. చక్రాల పుల్లల మధ్య బిగించిన రిఫ్లెక్టర్లు కూడా మీరు ఆ కారు ముందుకు వచ్చాకే మెరుస్తాయి. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు 4 మీటర్ల పైనే. ఒక వరుసను దాటడానికి సెకను పట్టదు. అప్పటికి మెరిసి ఏం లాభం? ఆగి ఉన్నప్పుడో, వెడల్పాటి రోడ్డును నెమ్మదిగా అడ్డంగా దాటుతున్నప్పుడో అవి ఉపయోగం.

కాబట్టి ఇక్కడ మిమ్మల్ని కాపాడేది సొంతంగా వెలిగే లైటే. దానికీ ఒక చిక్కు ఉంది. మీ వెనకే కార్లు, మోటారు సైకిళ్లు వస్తుంటే మీ చిన్న లైటు ఆ గుంపులో కలిసిపోతుంది. హెల్మెట్ మీద ఇంకో చిన్న లైటు పెట్టుకుంటే వేరే ఎత్తులో, తల తిప్పినప్పుడల్లా కదిలే చుక్క కనిపిస్తుంది. కారు వైపు ఒక్క చూపు తిప్పితే చాలు, కళ్లలోకి పట్టి ఉంచకండి. హ్యాండిల్ లైటుకు బదులుగా కాదు, దానికి తోడుగా మాత్రమే.

కారు అద్దానికీ తలుపుకూ మధ్య ఉండే నిలువు కమ్మీ ఒక సైకిల్‌నూ మనిషినీ మొత్తంగా దాచగలదు. మీరిద్దరూ కూడలికి ఒకే సమయానికి చేరే వేగాల్లో ఉంటే మీరు ఆ కమ్మీ వెనకే ఉండిపోతారు, డ్రైవరు అటు చూసినా సరే. అందుకని కూడలికి ముందే వేగం కొద్దిగా మార్చండి, ఆ వరుస తప్పుతుంది. రోడ్డు అంచును రాసుకుంటూ కాకుండా అంచుకు దాదాపు మీటరు లోపలికి తొక్కండి. ఆగిన బళ్ల మధ్య ఖాళీ కనిపించినప్పుడల్లా లోపలికి దూరి మళ్లీ బయటికి రావడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వెనకవాడి లెక్కలో మీరు మాయమై మళ్లీ ఊడిపడినట్టు ఉంటుంది.

రాత్రి డ్రైవరు ముఖం కనిపించదు, కళ్లు కలిశాయనుకోవడం భ్రమ. కారు ముందు చక్రాన్ని చూడండి. కదలిక మొదట తెలిసేది చక్రం తిరుగుడులోనే. ఆ కాసేపు రెండు బ్రేకుల మీదా వేళ్లు ఉంచండి. లారీ పక్కన మాత్రం చేరకండి. దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించడం లేదంటే మీరూ ఆయనకు కనిపించడం లేదు.

ప్రశ్న: ఎదురు బండి హై బీమ్ వేసుకుని వస్తే ఏం చేయాలి?

జవాబు: వేగం తగ్గించి, చూపును మీ వైపు రోడ్డు అంచుకు దించండి. మీ సంగతి ఇంతే. మీ వెనకవాడి సంగతి ఆలోచించండి. ఆ వెలుగు ఆయన కళ్లలోనూ పడుతోంది. ఆ వెలుగు ముందు మీ వెనక లైటు వెలవెలబోతుంది, బండి దాటాక కూడా ఒకటి రెండు సెకన్లు ఆయన కన్ను తేరుకోదు. ఎదురుగా బండి, వెనక బండి, మధ్యలో మీరు పడేట్టు ఉంటే ఆ సమయంలో పక్కకు తప్పుకోవడం, గుంటను తప్పించబోయి రోడ్డు మధ్యకు రావడం లాంటివి పెట్టుకోకండి. రోడ్డు ఇరుకైతే దిగి ఆగడం చిన్నతనమేమీ కాదు.

ప్రశ్న: వానలో?

జవాబు: తడి రోడ్డు ప్రతి లైటునూ పొడవాటి చారగా సాగదీస్తుంది. మీ ఎర్రలైటు ఆ చారల్లో ఒకటైపోతుంది. పైన పొర లేకుండా గాజు పూసలు బయటికే ఉండే బట్ట పట్టీలు తడిస్తే మసకబారతాయి. ప్లాస్టిక్ పొర కింద మూసి ఉన్నవి అంతగా దెబ్బతినవు. వానకాలానికి అవే కొనండి. వెనక చక్రం చిమ్మే బురద పది నిమిషాల్లో లైటును కప్పేస్తుంది, మడ్‌గార్డు పూర్తి పొడవుది ఉండాలి. రెయిన్ కోటు వేసుకున్నాక అది లైటును కప్పిందేమో చేత్తో తడిమి చూసుకోండి. బ్రేకు దూరం కూడా పెరుగుతుంది, పైన వేసిన 30 మీటర్ల లెక్క వానలో చెల్లదు.

ప్రశ్న: మా అమ్మాయి రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంది. నిజంగా కనిపిస్తోందో లేదో మేము ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అడిగి తెలుసుకునేది కాదు, చూడాల్సిందే. తొక్కేవాళ్లకు ఎదుటి లైట్లు బాగా కనిపిస్తాయి కనుక తామూ అంతే బాగా కనిపిస్తున్నామనుకుంటారు. ఆ అంచనా దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

బళ్లు రాని చీకటి చోట అమ్మాయిని రోజూ వేసుకునే బట్టలతో, పుస్తకాల బ్యాగుతో సైకిల్ మీద కూర్చోబెట్టండి. మీరు 50 మీటర్లు, అంటే దాదాపు 70 అంగలు నడిచి వెనక్కి వెళ్లండి. టార్చిని కణత పక్కన, కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని వెలిగించండి. నడుము దగ్గర పట్టుకుంటే రేడియం పట్టీలు మెరవవు, అవి పనికిరానివని పొరపడతారు. ముందు టార్చి ఆర్పి లైట్లు చూడండి, తర్వాత సైకిల్ లైట్లు ఆర్పించి టార్చితో పట్టీలు చూడండి. అలాగే ఎదురు నుంచి, పక్కనుంచి, ఏటవాలుగా చూడండి. చివరగా ఒకసారి కారులో కూర్చునేంత ఎత్తుకు వంగి చూడండి, నిలబడి చూస్తే బ్యాగు కింద దాగిన లైటు కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. తర్వాత అమ్మాయిని తొక్కుతూ పొమ్మనండి. కాళ్ల కదలిక కనిపించకపోతే చీలమండ పట్టీలు కొనండి.

బట్ట మీది పట్టీలు ఉతికిన కొద్దీ మెరుపు పోగొట్టుకుంటాయి. ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లయినా మళ్లీ చేయండి.

ప్రశ్న: దారి మధ్యలో లైటు ఆరిపోతే?

జవాబు: గుండీ బ్యాటరీతో నడిచే చిన్న లైట్ల జత ఒకటి సీటు కింద సంచిలో పడేసి ఉంచండి. సీఆర్2032 బ్యాటరీలు వాడకపోతే ఏళ్లు నిలుస్తాయి, కాకపోతే సంచిలో నొక్కుడు పడి వెలిగిపోకుండా బ్యాటరీకీ తగులుకూ మధ్య కాగితం ముక్క పెట్టండి. వాటి వెలుగు క్రమంగా తగ్గుతుంది, మీకు తెలియనే తెలియదు. చార్జింగ్ లైట్లలో చాలావరకు చివరిదాకా బాగా వెలిగి ఒక్కసారిగా ఆరతాయి, అందుకే వాటిని నమ్ముకుని బ్యాటరీ ఖాళీ చేసుకోవద్దు. ఒక్క లైటే మిగిలితే, వీధి దీపాలున్న చోట అది ఎర్రదై వెనక ఉండటం మేలు. ఒక్కటీ లేకపోతే దిగి, రోడ్డు అంచు వదిలి మట్టి మీద నడిపించుకుంటూ వెళ్లండి. ఫోను టార్చి చేత్తో పట్టుకుని తొక్కకండి. ఒక చేయి బ్రేకుకు దూరమవుతుంది, పైగా ఆ వెలుగు వెనకవాడికి కనిపించదు.